ఆటోమేటిక్ కారు గేరు నూనె: ఇంటి దగ్గర మార్చుకోవడం, మార్పించుకోవడం

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, పెన్షన్ సవరణల గురించి మాట్లాడుకునే ఈ హాల్లో కారు గేరు నూనె గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఇదేం విషయమా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కానీ ఇందాక ఆటోమేటిక్ కారున్నవాళ్లు చేతులెత్తమంటే ముప్పై చేతులకు పైగా లేచాయి. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక కొన్నవాళ్లు కొందరు. అబ్బాయి విదేశానికి వెళ్తూ వదిలి వెళ్లిన కారు వాడుకుంటున్నవాళ్లు కొందరు. మనవాళ్లు కారును మూడేళ్లకోసారి మార్చే రకం కాదు. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఉంచుకుంటాం. అన్నేళ్లు ఉంచుకునేవాడికే ఈ గేరు నూనె సంగతి ముఖ్యం. నూనె మార్చడం వేలల్లో తేలే ఖర్చు. మార్చక గేరు పెట్టె పోతే లక్షల్లోకి వెళ్లే ఖర్చు. అది మన గ్రాట్యుటీ డబ్బులోంచే పోవాలి.

నేను ఉద్యోగం చేసింది బస్సు డిపో మెకానికల్ విభాగంలో. పానా పట్టిన చెయ్యి కాబట్టి రిటైరయ్యాక కూడా ఊరుకోదు. నాకు తెలిసినంత మేరకు, అర్థమయ్యే మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు మీ కారులో ఉన్నది ఏ పెట్టె?

క్లచ్ పెడల్ లేని కార్లన్నిటినీ మనం ఆటోమేటిక్ అనే అంటాం. లోపల ఉండే పెట్టెలు మాత్రం నాలుగు రకాలు. ఒకదానికి పోసే నూనె ఇంకొకదానికి పనికిరాదు. అసలు అనర్థమంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది ఏఎంటీ. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో ఇది సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. లోపల ఉన్నది మామూలు గేరు పెట్టే, మామూలు క్లచ్చే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. దీనికి పోసేది మామూలు గేర్ ఆయిల్. క్లచ్‌ను కదిపే యంత్రానికి చాలా కార్లలో విడిగా చిన్న డబ్బాలో వేరే ద్రవం ఉంటుంది.

రెండోది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో, 2022 నుంచి వచ్చిన బ్రెజా ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో ఉన్నది ఇదే. దీనికి పోసే నూనెనే ఏటీఎఫ్ అంటారు. ఈ రోజు ప్రధానంగా చెప్పబోయేది దీని గురించే.

మూడోది సీవీటీ. హోండా సిటీ, అమేజ్ వంటి కార్లలో ఉంటుంది. ఇందులో పళ్ల చక్రాలు మార్చుకునే పని లేదు. రెండు కప్పీల మధ్య ఉక్కు పట్టీ తిరుగుతుంది. దీని నూనె పూర్తిగా వేరు. పట్టీ జారకుండా పట్టు ఇవ్వడం దాని గుణం. ఇందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే పెట్టె పాడవుతుంది.

నాలుగోది రెండు క్లచ్‌లున్న డీసీటీ. ఇందులోనూ క్లచ్‌లు నూనెలో మునిగి ఉండే రకం, పొడిగా ఉండే రకం అని రెండున్నాయి. మునిగి ఉండేవాటికి నూనె మార్పు తప్పనిసరి. ఫోక్స్‌వాగన్ వారి ఆరు గేర్ల డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకోసారి మార్చాలని కంపెనీయే చెబుతుంది.

మీది ఏ రకమో కారుతో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పుస్తకం చాలామంది ఇళ్లల్లో కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో ఉంటుంది. ఇంటికి వెళ్లగానే దాన్ని బయటకు తీయండి. నూనె పేరు, ఎన్ని లీటర్లు అన్నది చివరి పేజీల్లో పట్టికగా ఇస్తారు. ఆ రెండూ ఒక కాగితం మీద రాసి కారు పత్రాలతో పెట్టుకోండి.

ఈ నూనె చేసే పనులు

ఇంజన్ ఆయిల్ ప్రధానంగా రాపిడి తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది. గేరు పెట్టెలోని ఏటీఎఫ్ అయిదు పనులు చేస్తుంది.

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో జరిగేది ఇదే. అక్కడ గాలి స్థానంలో నూనె ఉంటుంది. ఇంజన్ శక్తిని చక్రాల వైపు పంపడం దాని మొదటి పని. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు పడేలా చేయడం రెండోది. పళ్లు, బేరింగులు అరగకుండా చూడడం మూడోది. పుట్టిన వేడిని రేడియేటర్ దగ్గరకు మోసుకుపోవడం నాలుగోది. ఇక అయిదోది అన్నిటికంటే సున్నితమైనది. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, కానీ కుదుపు లేకుండా పట్టుకోవాలి. ఎక్కువ జారితే కాలిపోతాయి, ఉన్నట్టుండి పట్టేస్తే కారు ఎగిరిపడుతుంది. ఈ తూకం కోసమే నూనెలో ప్రత్యేకమైన మందులు కలుపుతారు.

జనరల్ మోటార్స్ వారు 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అనే పెట్టె అమర్చారు. పెద్ద సంఖ్యలో తయారైన మొట్టమొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. 1949లో ఈ పెట్టెల కోసమే 'టైప్ ఎ' అనే నూనె ప్రమాణం వచ్చింది. ఆ రోజుల్లో ప్లేట్లు మెత్తగా పట్టుకోవడానికి నూనెలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల తొలి ఏళ్లలో అమెరికా తిమింగలం ఉత్పత్తుల మీద నిషేధం పెట్టాక రసాయనాలతో బదులు కనిపెట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పెట్టెకు తగిన నూనె తయారు చేయించుకుంటూ వచ్చింది. డెక్స్‌రాన్, మెర్కాన్, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1 అలా వచ్చిన పేర్లే. కాబట్టి షాపువాడు "అన్నీ ఒకటేనండీ, ఎర్రగా ఉంటే చాలు" అంటే నమ్మవద్దు. ఎరుపు అన్నది కేవలం రంగు. ఇంజన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి, కారితే ఎక్కడి నుంచి కారుతోందో తెలియడానికి కలుపుతారు. కొన్ని కంపెనీల నూనెలు ఎర్రగా కూడా ఉండవు.

జీవితకాలం అనే మాట

"ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చనక్కర్లేదు" అని షోరూముల్లో చెప్పడం మీలో చాలామంది విని ఉంటారు. బతికున్నామని మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చుకుంటున్నాం. గేరు నూనెను మాత్రం ఎవరూ అడగడం లేదు!

ఎవరి జీవితకాలం అన్నది అసలు ప్రశ్న. వారంటీ కాలమా, మొదటి యజమాని కారు ఉంచుకునే కాలమా, మనం ఉంచుకునే పదిహేనేళ్లా? జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థ ఎన్నో పేరున్న కార్లకు ఆటోమేటిక్ పెట్టెలు తయారుచేసి ఇస్తుంది. ఆ కార్లు అమ్మే కంపెనీల్లో కొన్ని 'జీవితకాల నూనె' అంటాయి. పెట్టె తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్లకు మార్చాలని చెబుతుంది. పెట్టె చేసినవాడి మాటకే విలువ ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

నూనెను చంపేది ముఖ్యంగా వేడి. పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే నూనె ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని మా వృత్తిలో ఒక స్థూలమైన లెక్క. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడవడం, నలుగురు మనుషులు సామానుతో తిరుమల, శ్రీశైలం ఘాట్ ఎక్కడం, ఇవన్నీ నూనెకు పరీక్షలే. చాలా మాన్యువల్స్‌లో 'కఠిన పరిస్థితులు' అనే పేరుతో ఒక విడి పట్టిక ఉంటుంది. మన వాడకం ఎక్కువగా ఆ పట్టికలోకే వస్తుంది. మాన్యువల్‌లో కిలోమీటర్లు, సంవత్సరాలు రెండూ ఇచ్చి ఉంటే ఏది ముందు వస్తే అది పాటించాలి. ఏమీ ఇవ్వకపోతే, 60,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య ఒకసారి మార్చడం పొదుపైన పద్ధతి.

కారు ముందే చెబుతుంది

పెట్టె ఒక్కరోజులో పోదు. డి లోకి వేశాక కారు కదలడానికి ఒకటి రెండు క్షణాలు ఆలోచిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ వేగం పెరగదు. ఒక మోస్తరు వేగంలో సాఫీ రోడ్డు మీద కూడా గతుకుల్లో వెళ్తున్నట్టు వణుకుతుంది. గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది. కారు నిలిపిన చోట నూనె మరక కనిపిస్తుంది. వీటిలో ఏది కనిపించినా మొదట చూడవలసింది నూనె మట్టం, నూనె పరిస్థితి.

మన సభ్యురాలు ఒకరున్నారు. పేరు చెప్పవద్దన్నారు. వారానికి మూడుసార్లు భర్తగారిని డయాలిసిస్‌కు తానే కారులో తీసుకువెళ్తారు. కారు రివర్స్‌లో పడడానికి మొరాయిస్తుంటే ఒక షెడ్డులో చూపించారు. గేరు పెట్టె పోయింది, మార్చాలి అన్నారు. చెప్పిన అంచనా ఆవిడకు దాదాపు ఏడాది పెన్షన్. ఆ రాత్రి మా ఇంటికి ఫోన్ చేశారు. నేనూ, మా డిపోలో పనిచేసిన ఇంకో మిత్రుడూ వెళ్లి ముందు మట్టం చూశాం. గేజి పుల్ల కొనకు కూడా నూనె అంటలేదు. యాక్సిల్ దగ్గర సీలు కారుతోంది. అక్కడి దుమ్మంతా నూనెతో తడిసి ఉంది. సీలు మార్పించి, సరైన నూనె పోయిస్తే కారు నడిచింది. ఇప్పటికీ ఆసుపత్రికి ఆ కారులోనే వెళ్తున్నారు.

ఇంకో మిత్రుడి విషయంలో అలా జరగలేదు. నూనె నల్లగా మారి, మాడిన వాసన కొట్టేదాకా ఆయన ఊరుకున్నారు. అడుగున ఇనుప రవ్వలు దొరికాయి. కొత్త నూనె పోసినా లాభం లేకపోయింది. నూనె అన్నది ఆరోగ్యం నిలబెట్టే ఆహారమే కానీ, అరిగిపోయిన ప్లేట్లను తిరిగి మొలిపించే సంజీవని కాదు.

చేతితో చేసే పద్ధతి

ఇక ఇంటి దగ్గర మార్చే విధానం. ఇది గేజి పుల్ల, అడుగున డ్రెయిన్ బోల్టు రెండూ ఉన్న టార్క్ కన్వర్టర్ కార్లకు చెబుతున్నాను. మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు, అల్లుడి పాత హోండా అకార్డ్‌కు మేమిద్దరం కలిసి వాళ్ల గ్యారేజీలోనే చేశాం. అక్కడ కూలి ధర ఎక్కువ కాబట్టి చాలామంది ఇంటి దగ్గర చేసుకుంటారు. ఇక్కడ నమ్మకమైన మెకానిక్‌ను ఇంటికి పిలిపించి పక్కన నిలబడి చేయించుకోవచ్చు. ఎవరు చేసినా పద్ధతి ఒకటే.

అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి. కారు బరువు టన్నుకు పైగా ఉంటుంది. జాకీ కారును పైకి ఎత్తడానికే, పట్టి ఉంచడానికి కాదు. ఎత్తాక కింద ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, కారును ఊపి చూసి కదలదని తేలాకే కిందికి వెళ్లాలి. ఇటుకలు, చెక్క ముక్కలు స్టాండ్లకు బదులు కావు. ఒంటరిగా ఎప్పుడూ చేయకూడదు. బీపీ, నడుము నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు కిందికి దూరనే వద్దు. పక్కన కుర్చీ వేసుకుని పర్యవేక్షించండి. ఆఫీసులో అది మనకు అలవాటైన పనే కదా!

కారును ఓ పది నిమిషాలు నడిపితే నూనె పల్చబడుతుంది. పూర్తిగా వేడెక్కిన నూనె చేతుల మీద పడితే బొబ్బలెక్కుతాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పడం మేలు. చేతికి తొడుగులు వేసుకోండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని ఒక నియమం. దించే బోల్టు విప్పకముందే పోసే చోటు తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. కొన్ని కార్లలో పోసే బోల్టు ఏళ్ల తరబడి బిగుసుకుని ఉంటుంది. నూనె అంతా దించేశాక అది ఊడకపోతే కారు ఉన్నచోటే ఉండిపోతుంది.

దిగిన నూనెను శుభ్రమైన పళ్లెంలో పట్టి, కొలత సీసాల్లో పోసి ఎంత దిగిందో రాసుకోండి. అంతే కొలత కొత్త నూనె పోయడం మొదటి అడుగు. అయితే మట్టం ముందే తక్కువగా ఉందేమో కాబట్టి చివరి తీర్పు గేజి పుల్లదే.

డ్రెయిన్ బోల్టుకు చాలా కార్లలో అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే కంగారుపడవద్దు. అది మామూలు అరుగుదలే. గుడ్డతో తుడిచేయండి. రవ్వలు, ముక్కలు ఉంటే మాత్రం మెకానిక్‌కు చూపించాలి. నూనె పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు లోపలికి వచ్చినట్టు. ఆ కారును ఇంక స్టార్ట్ చేయకూడదు.

బోల్టుకు వాషర్ కొత్తది వేయాలి. పాతది ఒకసారి నలిగిపోయి ఉంటుంది, మళ్లీ వేస్తే కారుతుంది. పెట్టె అల్యూమినియం కాబట్టి బలం చూపించి బిగిస్తే మరలు పోతాయి. మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి. కొన్ని కార్లలో అడుగు పళ్లెం విప్పి లోపలి జల్లెడ కూడా మార్చవలసి ఉంటుంది. అది ఇంటి దగ్గర పెట్టుకోవలసిన పని కాదు.

తర్వాత పుల్ల ఉండే గొట్టంలో సన్నని గరాటు పెట్టి, కొద్దికొద్దిగా కొత్త నూనె పోయాలి. ఆ గొట్టంలోకి దుమ్ము, గుడ్డ పీచు పోకూడదు. బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేసి, పి, ఆర్, ఎన్, డి వరుసగా ఒక్కొక్క దాంట్లో నాలుగైదు క్షణాలు ఉంచి తిరిగి పి కి రావాలి. దాంతో నూనె లోపలి సందులన్నిటికీ చేరుతుంది.

ఒకసారి దించితే నూనె మొత్తం దిగదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో చాలా భాగం ఉండిపోతుంది. ఏడు లీటర్లు పట్టే పెట్టెలో మూడున్నర దిగిందనుకోండి. ఒకసారి మార్చితే సగం కొత్తది. కొన్ని రోజులు నడిపి రెండోసారి మార్చితే 75 శాతం కొత్తది. మూడోసారికి 87.5 శాతం. మజ్జిగ చెంబులో సగం పారబోసి నీళ్లు పోస్తూ పోయినట్టే. రెండుసార్లతో మనకు చాలు. వయసైన పెట్టెకు ఇలా విడతలుగా మార్చడమే మెత్తని వైద్యం.

మట్టం చూడడంలోనే ఉంది అంతా

నూనె తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. రెండిటికీ ఫలితం ఒకటే, ఒత్తిడి పడిపోయి ప్లేట్లు జారతాయి. అందుకని "పది మిల్లీలీటర్లు ఎక్కువ పోశానండీ, మంచిదే" అనేవాళ్ల మాటకు నవ్వుకోవచ్చు గానీ, అర లీటరు ఎక్కువ పోసేవాళ్లను ఆపవలసిందే.

నూనె వేడికి పొంగుతుంది. 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే ఏడు లీటర్ల నూనె పావు లీటరుకు పైగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి 'ఫుల్' గీత దాకా నింపితే వేడెక్కాక ఎక్కువవుతుంది. పుల్ల మీద 'కోల్డ్', 'హాట్' అని వేర్వేరు గీతలు ఉండడానికి కారణం అదే.

ఇంకో తేడా కూడా గమనించండి. టయోటా వారి పాత పుల్ల ఉన్న కార్లలో ఇంజన్ నడుస్తుండగా, పి లో ఉంచి చూడాలి. హోండా అకార్డ్ వంటి వాటిలో బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. మా అల్లుడు "మామయ్యగారూ, మొన్న మా ఫ్రెండు కారుకి ఇంజన్ ఆన్‌లోనే చూశాం కదా" అన్నాడు. ఆ ఫ్రెండు కారు టయోటా. ఒక కారు పద్ధతి ఇంకో కారుకు వాడితే లెక్క తప్పుతుంది.

కొత్త కార్లలో చాలావాటికి అసలు గేజి పుల్లే లేదు. నూనె కంపెనీ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు, నాలుగు చక్రాలూ సమమట్టంలో ఉండగా, ఇంజన్ నడుస్తుండగా ఒక చిన్న బోల్టు విప్పి, నూనె సన్నని ధారగా పొంగి ఆగేదాకా చూడాలి. ఆ వేడిని కొలవడానికి స్కానర్ కావాలి. సమంగా ఎత్తడానికి లిఫ్టు కావాలి. అలాంటి కార్లను ఇంటి దగ్గర ముట్టుకోవద్దని నా సలహా. సీవీటీ, డీసీటీ కార్లకూ అదే మాట. వారంటీ ఉన్న కారును కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించి రసీదు దాచుకోండి.

పాత నూనె ఏం చేయాలి?

కాలువలో పోయవద్దు. మొక్కల మొదట్లో, చెదపురుగుల మీద పోసే అలవాటూ మంచిది కాదు. వాడిన నూనె 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత నూనె సేకరించి అధీకృత రీసైక్లింగ్ వాళ్లకు పంపే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. అమెరికాలో పిల్లల దగ్గరున్నవాళ్లకు ఇది సులువు. అక్కడ ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాల్లో చాలావరకు ఉచితంగానే తీసుకుంటారు. మేమూ అలాగే ఇచ్చి వచ్చాం.

మీరిచ్చిన చీటీలు

ముందుగా కొందరు చీటీలు రాసి ఇచ్చారు. వాటికి క్లుప్తంగా జవాబులు.

"లక్ష కిలోమీటర్లు మార్చకుండా నడిపాను. ఇప్పుడు మార్చితే పెట్టె పోతుందంటున్నారు, నిజమేనా?" పెట్టె జారకుండా, వాసన లేకుండా బాగానే నడుస్తుంటే భయపడనక్కర్లేదు. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించవద్దు, విడతలుగా మార్పించండి. ఇప్పటికే జారుతున్న పెట్టె నూనె మార్చినా మార్చకపోయినా పోయేదే. అలాంటప్పుడు పోయిన నేరం కొత్త నూనె మీద వేస్తారు. ఈ ప్రచారం పుట్టింది అక్కడే.

"సీసాల్లో వచ్చే మందులు కలపవచ్చా?" వద్దు. కంపెనీ కలిపిన తూకాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు?

"కారు ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్లవచ్చా?" ఆటోమేటిక్‌ను అలా లాగకూడదు. గేరు పెట్టెలో నూనె పంపు తిరిగేది ఇంజన్ నడిస్తేనే. ఇంజన్ ఆగి చక్రాలు తిరిగితే పెట్టె పొడిగా అరుగుతుంది. ఇంజన్ శక్తి అందే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి గానీ, లారీ మీద ఎక్కించి గానీ తీసుకెళ్లాలి. బీమా కంపెనీల్లో రోడ్డు సహాయం తీసుకున్నవాళ్లు ఫోన్‌లో ఈ మాట తప్పక చెప్పండి.

"ఘాట్ దిగేటప్పుడు ఎన్ లో వేస్తే పెట్రోలు ఆదా కదా?" ఆదా లేదు, ప్రమాదం ఉంది. ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. 2 గానీ ఎల్ గానీ ఉంటే అందులో వేసి, లేకపోతే చేతితో గేరు తగ్గించి దిగండి.

"మా ఆయన పోయాక కారు సంగతి నాకేమీ తెలియదు. షెడ్డుకు వెళ్తే ఏమని అడగాలి?" అమ్మా, ఈ రోజు వచ్చిన చీటీలన్నిటిలో ముఖ్యమైనది మీదే. మూడు ప్రశ్నలు అడగండి. ఏ పేరుగల నూనె పోస్తున్నారు? ఎన్ని లీటర్లు దించి ఎన్ని లీటర్లు పోస్తున్నారు? మట్టం ఎంత వేడి దగ్గర చూస్తున్నారు? మూడిటికీ తడుముకోకుండా జవాబు చెప్పి, నూనె పేరూ లీటర్లూ బిల్లు మీద రాసిచ్చేవాడైతే కారు అప్పగించండి. సీలు తీయని డబ్బాలు మీ ఎదురుగా తెరవమనండి. "మీకెందుకండీ అవన్నీ" అంటే తాళం తీసుకుని వచ్చేయండి. పెట్టె మార్చాలని ఎవరు చెప్పినా, ముందు మట్టం చూపించమని అడిగి, ఇంకోచోట కూడా చూపించండి.

మిత్రులారా, మనలో అందరం కారు కిందికి దూరి నూనె మార్చలేం, మార్చనక్కర్లేదు కూడా. సర్వీసులో ఉండగా మన బల్ల మీదికి వచ్చిన ఫైలును చదవకుండా సంతకం పెట్టలేదు. రిటైరయ్యాక మన డబ్బుతో కొన్న కారు విషయంలో చదవకుండా సంతకం ఎందుకు పెట్టాలి? ఆ మూడు ప్రశ్నలు సంచిక అట్ట వెనక వేయమని సంపాదకుల వారిని కోరుతున్నాను. కత్తిరించి కారులో పెట్టుకోవచ్చు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం సంఘ కార్యాలయం ఆవరణలో నేనూ, మా మిత్రుడూ ఉంటాం. గేజి పుల్ల ఉన్న కార్లు తీసుకువస్తే మట్టం చూసి చెబుతాం. డబ్బేమీ ఇవ్వనక్కర్లేదు, మాన్యువల్ మాత్రం మరిచిపోకుండా తెచ్చుకోండి.